లిప్పె ఒడ్డు కొట్టంలో మూలుగు

లిప్పె నది ఒడ్డున నేతగాళ్లు బట్టలు చలువ చేసే పాత కొట్టం ఒకటి ఉండేది. పొద్దుగూకితే అటు ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. లోపల ఆడమనిషి మూలుగుతుందని, అది ఏట్లో మునిగిపోయిన చాకలామె గొంతని చెప్పుకునేవాళ్లు.

ఆ ఏడు నవంబరులో వంతెన కొట్టుకుపోయింది. పొరుగూళ్లో మందిచ్చి వస్తున్న మందులకొట్టు ఓట్‌మార్‌కి ఆ కొట్టం పక్కదారే గతయింది.

దగ్గరికి రాగానే వినబడింది... మూలుగు కాదది. పళ్లబిగువున తొక్కిపెట్టిన కేక!

అడుగు పడలేదు. ఇంతలో తలుపు కిర్రుమంది. దీపం... దాని వెనక ఒక ముఖం—

"అరవకండయ్యా... నేనే."

నేతగాడు గెర్లాఖ్! పెళ్లాం ఎల్స్‌బెత్ పుట్టింటికెళ్లిందని ఊరంతా చెప్పుకు తిరిగినవాడు. ఆమె లోపల గడ్డిమీద ముడుచుకుని ఉంది. రొమ్ములో పుండు.

"ఇంట్లో ఈమె కేకలకి పిల్లలు హడలిపోతున్నారు. అందుకే ఇక్కడికి తెచ్చాను. దెయ్యం మాట పుట్టించింది నేనే... ఎవరూ రాకుండా."

"నల్లమందు వెయ్యలేదా?"

"వేశాను. ఓ రోజు నిద్ర, ఓ రోజు వాంతులు."

ఓట్‌మార్ జేబులో చిన్న సీసా ఉంది. నల్లమందునుంచి కొత్తగా తీస్తున్న తెల్లపొడి, మార్ఫియం. వారాల తరబడి కాచి వడగడితే చిటికెడు. ఎంత వెయ్యాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. తనమీదే పరీక్షించుకుని ఒక పగలంతా స్పృహ లేకుండా పడున్నాడు.

అందులో సగం పొడి సారాలో కలిపి తాగించాడు. కాసేపటికి ఆమె పిడికిళ్లు వీడాయి.

"పిల్లలు తిన్నారా?" అంది నెమ్మదిగా.

గెర్లాఖ్ భోరుమన్నాడు.

తెల్లవారకముందే నొప్పి మళ్లీ లేచింది. "మిగిలింది కూడా పొయ్యండి..."

"ప్రాణం మీదికొస్తేనో తల్లీ?"

"రానివ్వండి!"

మిగిలిందంతా కలిపి పోశాడు.

కొట్టం నిశ్శబ్దమైపోయింది. ఊపిరి చప్పుడు కూడా లేదు... ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. గడ్డివైపు చూసే ధైర్యం అంతకన్నా లేదు. చాలాసేపటికి గెర్లాఖ్ దీపం ఎత్తాడు—

ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి!

రెప్ప కదిలింది. పెదవులమీద నవ్వు. "ఎంత హాయిగా ఉందో... అయ్యా, రేపటిక్కూడా ఉందా ఇది?"

ఓట్‌మార్ ఖాళీ సీసాని గుప్పిట్లో దాచుకున్నాడు.

"ఉందమ్మా," అన్నాడు.