పదిహేను సెకన్ల పట్టు

"ఎవరండీ ఈ ముప్పై పెట్టిన మహానుభావుడు?"

కంప్యూటర్‌తో డిస్కుని పనిచేయించే డ్రైవర్ ప్రోగ్రాం రాసే మా టీమ్‌లోకి ఆమె వచ్చి ఇంకా గంట కూడా కాలేదు. చెయ్యెత్తాను. ఆ మహానుభావుణ్ణి నేనే.

డిస్క్ జవాబు కోసం ఎన్ని సెకన్లు ఆగాలో చెప్పే విలువ మిగతా ఫైళ్ళు చూసుకునే నా హెడర్ ఫైలులో ముప్పై. ఆమె పాత టీమ్ నుంచి తెచ్చిన హెడర్‌లో అదే పేరుకి ఐదు. మా కోడుని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ ఒక హెచ్చరిక పడేసి, చివర చదివిందే నిజమనుకుంటుంది. దాంతో ఒకే డ్రైవర్‌లో ఒక ఫైలు ముప్పై దాకా ఓపిక పడుతుంది, పక్క ఫైలు ఐదుకే చేతులెత్తేస్తుంది.

"ఒక్కటే ఉండాలి. ఏది ఉంచుదాం?" అని నవ్వింది.

పాత డిస్కులు నిద్రలేవడానికి పన్నెండు సెకన్లు పడుతుందని నేనే కొలిచి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. కానీ ఆ నవ్వు ముందు నోట్‌బుక్ ఎంత! "మీదే కరెక్టండీ" అని నా లైను తుడిచేశాను.

మర్నాడు టెస్ట్ బల్ల మీద ఏడు పాత డిస్కులు పనిచెయ్యట్లేదని రిపోర్టు వచ్చింది. పాపం, అవి ఇంకా ఆవులిస్తున్నాయంతే. మా డ్రైవరే ఆగలేదు.

కారణం వెతుకుతూ ఆమె నా నోట్‌బుక్ తిరగేసింది.

"పన్నెండని తెలిసీ ఐదుకి ఎందుకు ఒప్పుకున్నారు?"

"మీరు నవ్వారు కదాని..."

"నవ్వితే గంగిరెద్దులా తలాడించేవాళ్ళతో నేను పని చెయ్యలేను. సాయంత్రం మేనేజర్‌కి చెప్పి వేరే టీమ్‌కి వెళ్ళిపోతాను."

ఆమె అన్నదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.

రోజంతా కూర్చుని ప్రతి డిస్కునీ మళ్ళీ కొలిచాను. నా ముప్పై కూడా ఉత్త భయంతో పెట్టిందే. ఆమె ఐదు లైను కూడా తీసేసి, కొత్తగా ఒకే హెడర్‌లో పదిహేను అని రాసి, ఫైళ్ళన్నీ దాన్నే చూసేట్టు చేశాను. సాయంత్రం ఆమెని పిలిచి చూపించాను.

"పదమూడు చాలుగా?" అంది, మళ్ళీ అదే నవ్వు.

"చాలదండీ. చల్లటి గదిలో ఒక డిస్కు పద్నాలుగు తీసుకుంది."

"నేను అడుగుతున్నా కదా?"

"మీరంటే నాకు చాలా ఇష్టం. అయినా పదిహేనే."

చుట్టూ కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. ఆమె ఫోన్ తీసింది. మేనేజర్‌కే అనుకున్నాను.

"అమ్మా, ఆదివారం భోజనానికి ఒకాయన్ని తీసుకొస్తున్నా... నా మాట కాదనగల మగాడు ఎక్కడా దొరకడన్నావుగా? దొరికాడు."