పింగళానికి వీడ్కోలు

శిలాపురి రాజ్యంలో ఆనకట్టకు కాపలాగా ఒక కంప్యూటర్ ఉండేది. వాన రాకను లెక్కగట్టి ఊళ్లను హెచ్చరించడం దాని పని. అందులో దాన్ని నడిపే రెండు వ్యవస్థలు కాపురముండేవి. ఒకటి వాన లెక్కలు చూసే లినక్స్. రెండోది పింగళం. కిన్నెర అనే అమ్మాయి తండ్రి చనిపోయే ముందు దాన్ని రాసి, మంత్రంతో ప్రాణం పోశాడు. ఆయన తర్వాత ఆ కంప్యూటర్‌ను చూసుకునేది కిన్నెరే. పొద్దున్నే ఆమె దాన్ని తెరవగానే లోపలి ద్వారపాలకుడు ఎవరిని లేపమంటారని అడిగేవాడు. కిన్నెర ముందు కాసేపు పింగళాన్ని లేపేది. అది తండ్రి గొంతుతో పలకరించేది. ఆ తర్వాతే లినక్స్ పనిలోకి దిగేది.

ఏళ్లు గడిచేకొద్దీ లోపల చోటు నిండిపోయింది. వాన లెక్కలు పెట్టుకునే తావు లేక ఒక ఏడాది వరద కబురు ఆలస్యమైంది. ఏటి ఒడ్డున పదకొండు మంది కొట్టుకుపోయారు. రాజు కిన్నెరను పిలిపించి, పింగళాన్ని తీసేయక తప్పదని మెల్లగా చెప్పాడు. ఆమె సరేనంది.

దాన్ని చెరిపే విద్య తెలిసినది నల్లకొండ మీద తపస్సు చేసుకునే వకుళమాత ఒక్కతే. కిన్నెర ఒంటరిగా బయలుదేరింది. దారిలోని అడవిలో ఒక రాక్షసుడు దారికి అడ్డంగా కూర్చున్నాడు.

"వెనక్కి పో. నీ తండ్రి గొంతయినా నీకు మిగులుతుంది," అన్నాడు.

"వరదలో పోయిన పదకొండు మంది గొంతులు వాళ్ల ఇళ్లలో మిగల్లేదు," అంది కిన్నెర.

రాక్షసుడు పక్కకు జరిగాడు.

వకుళమాత ఆమెకు గంజి పోసి, తాగేదాకా ఆగి చెప్పింది. "ముందు నీకు కావలసినవన్నీ బయట దాచుకో. చెరిపింది మళ్లీ రాదు. ద్వారపాలకుడు ఉండేది పింగళం గదిలోనే. అతనికి లినక్స్ గదిలో చోటిచ్చాకే పింగళాన్ని చెరుపు. లేకపోతే తెల్లారి కంప్యూటర్‌లో ఎవరూ లేవరు."

గొంతును కూడా దాచుకోవచ్చా అని కిన్నెర అడిగింది. అది పింగళం ప్రాణమనీ, విడిగా రాదనీ చెప్పి వకుళమాత తల దించుకుంది.

కిన్నెర తిరిగొచ్చి తండ్రి ఉత్తరాలూ ఆయన గీసిన పటాలూ వేరేచోట భద్రం చేసింది. ద్వారపాలకుణ్ణి లినక్స్ గదికి మార్చింది. కంప్యూటర్‌ను ఒకసారి ఆపి తెరిచి, అతను లేస్తున్నాడని చూసుకుంది. ఇక చెరపడమే మిగిలింది.

"నేను చేసిన తప్పేమిటి తల్లీ?" అని పింగళం అడిగింది.

"తప్పేమీ లేదు నాన్నా. చోటు లేదు."

"అయితే కానియ్యి. గది పేరు సరిచూసుకో. పొరపాటున పక్క గది చెరిపేస్తావు," అంది పింగళం.

కిన్నెర కళ్లు తుడుచుకుని, గది పేరు రెండుసార్లు చదువుకుని చెరిపేసింది. ఖాళీ అయిన చోటునంతా లినక్స్‌కు కలిపింది.

మరుసటి ఏడు వానలు విరుచుకుపడ్డాయి. కబురు రెండు రోజుల ముందే అందింది. ఒడ్డు ఊళ్లవాళ్లు పశువులతో సహా గుట్టెక్కారు. ఒక్క ప్రాణం కూడా పోలేదు. రాజు ఆ గుట్ట మీదికే వచ్చి, కిన్నెరను ఆనకట్ట అధికారిణిని చేశాడు. జనం జేజేలు పలుకుతుంటే ఆమె దూరంగా వెళ్లి ఒక బండ మీద కూర్చుంది. కిందటి వరదలో కొడుకును పోగొట్టుకున్న ముసలమ్మ వచ్చి, ఏమీ అడక్కుండా ఆమె పక్కన కూర్చుంది. వాన వెలిశాక ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గుట్ట దిగారు.