కొక్కెం కూల్చిన గోడ

ఆ గోడకి ఎన్నడూ మంచి పేరు లేదు.

మూతపడ్డ నూలు మిల్లు గోడ అది. మిల్లు ఎత్తేశాక రేకులు పోయాయి, తలుపులు పోయాయి, కిటికీ ఊచలు కూడా ఎవరి చేతికందినవి వాళ్లు ఊడబెరుక్కుపోయారు. చివరికి రోడ్డు వైపు గోడొక్కటే మిగిలింది. ఊరి బయట నుంచి తిన్నగా వచ్చే రోడ్డు, సరిగ్గా దాని ముందుకొచ్చాక ఏదో గుర్తొచ్చినట్టు కుడివైపుకి తిరిగిపోతుంది. పగలు చూస్తే ఏముంది — పెచ్చులూడిన సున్నం గోడ, పక్కన ముళ్లకంప. రాత్రిపూట మాత్రం పిలుస్తుందని చెప్పుకునేవారు.

పేరు పెట్టి పిలవదట. చప్పుడే ఉండదట. బండి మీద ఒంటరిగా వచ్చేవాడి చూపుని పట్టుకుంటుందట... ఒక్కసారి చూశావా, ఇక తల తిప్పుకోలేవు. చూపు వెనకాలే బండి, బండి వెనకాలే ప్రాణం.

నాది సెలూన్. ఇలాంటి కబుర్లు నా కుర్చీ చుట్టూ రోజూ వెంట్రుకలతో పాటే రాలుతుంటాయి. సాయంత్రానికి రెండింటినీ కలిపి ఊడ్చి పారేస్తాను. కానీ ఈ కథ చెప్పింది కొక్కెం. వాడి గొంతు మీద నా కత్తి ఆడుతుండగా చెప్పాడు. ఆ స్థితిలో కూర్చుని అబద్ధమాడేవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ప్రమాదాల్లో నుజ్జయిన బండ్లని గొలుసేసి లాక్కుపోయే లారీ వాడిది. లారీ వెనకాల వేలాడే ఇనప కొక్కెమే వాడికి పేరైపోయింది. ఆ గోడకి గుద్దుకున్న బండ్లన్నీ ఎత్తింది వాడే. ఇంట్లోవాళ్లకి చూపించే ముందు తుడిచి, కప్పి, సర్దుతారే... అవేవీ చెయ్యకముందు ఎలా ఉంటుందో చూసేవాడు వాడు.

కొక్కేనికి ఒక బావమరిది. చిన్నోడంటారు. మీసాలొచ్చినా ఆ పేరు పోలేదు. అమ్మానాన్నా లేకపోతే అక్క తన దగ్గరే పెట్టుకుని పెంచింది. పిల్లలు లేని ఆ ఇంట్లో కొడుకన్నా వాడే, తమ్ముడన్నా వాడే. రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి పని. ఇంటికీ ఫ్యాక్టరీకీ మధ్యలో ఆ గోడ.

చిన్నోడు బండి నేర్చుకుని ఇంకా ఏడాది తిరగలేదు. బావ నడిపి వదిలేసిన పాత బండి. ఎదురుగా కుక్క కనబడితే రెండు కాళ్లూ నేలకి దించేసేవాడు. మలుపు తిరగాలంటే నాలుక బయటపెట్టేవాడు. అలాంటివాడు ఒకరోజు డ్యూటీకి బయల్దేరుతూ, గుమ్మంలో నిలబడి, "రేసు బండి తీసుకుంటున్నాను బావా," అన్నాడు.

"ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానందట," అంది అక్క. నవ్వుతూనే అంది.

కొక్కెం నవ్వలేదు. "ఇంకో రెండేళ్లు ఈ బండే తొక్కు. తర్వాత చూద్దాం."

"నీ డొక్కు బండి కంటే అదే నయం బావా. దాని బ్రేకులు ఎంత బాగుంటాయో తెలుసా? చక్రం జారకుండా అదే చూసుకుంటుంది."

"బ్రేకులు బండికుంటే చాలదురా, చేతికుండాలి. చిన్న బండి మీద తప్పు చేస్తే తిడుతుంది. ఆ బండి మీద తప్పు చేస్తే తిట్టడానికి ఎవడూ మిగలడు."

మాటా మాటా పెరిగింది. చివరికి చిన్నోడు అనకూడని మాట అనేశాడు. "శవాల్ని చూసీ చూసీ పిరికివాడివైపోయావు నువ్వు."

కొక్కెం కొట్టాడు. ఇనుము లాగే చెయ్యి కదా... చిన్నోడి తల తలుపుకి తగిలి, పెదవి చిట్లి, చొక్కా మీద రక్తం కారింది. అక్క అడ్డొస్తే ఆవిణ్ణీ పక్కకి నెట్టాడు. చిన్నోడు ఏడవలేదు. బొటనవేలితో పెదవి తుడుచుకుని, దాని వంక చూసి, "కొట్టు. కొంటాను," అన్నాడు.

అప్పుడే కొక్కెం ఫోన్ మోగింది. గోడ దగ్గర ఒకడు పడ్డాడు.

కొక్కెం బావమరిది కాలర్ పట్టుకున్నాడు. "ఇవాళ డ్యూటీ వద్దు. నాతో రా. చూసి, అప్పుడు చెప్పు."

పోలీసులు ఇంకా రాలేదు. లారీ లైట్ల వెలుగులో గోడ తెల్లగా... దాని మధ్యలో నల్లగా బండి. ముందు చక్రం ఇంజన్లోకి దూరిపోయింది. వెనక చక్రం మాత్రం గాలిలోకి లేచి ఉంది. హ్యాండిల్‌కీ గోడకీ మధ్య మనిషి ఇరుక్కుపోయి ఉన్నాడు. బతికే ఉన్నాడు. గోడని రెండు చేతులా కావలించుకున్నట్టు పట్టుకుని, సున్నం మీద గోళ్లతో గీస్తున్నాడు.

"టార్చ్ పట్టుకో," అన్నాడు కొక్కెం.

గొలుసు తగిలించి బండిని అంగుళం అంగుళంగా వెనక్కి లాగాడు. ఒక్కో అంగుళానికి ఆ మనిషి పెట్టిన కేక మనిషి కేకలా లేదు. హెల్మెట్ చెక్కుచెదరలేదు. దాని కింద దవడ మాత్రం ఉండాల్సిన చోట లేదు. బండి పూర్తిగా ఊడి వచ్చేసరికి కేక ఆగిపోయింది. గోడ మీద వెడల్పాటి ఎర్రటి చార గీస్తూ మెల్లగా కిందికి జారాడు.

చిన్నోడు టార్చ్ రోడ్డు మీదికి తిప్పి, ఈ కొస నుంచి ఆ కొసకి వెతికాడు.

"బ్రేకు వేసిన గుర్తే లేదేం బావా?" గుసగుసగా అడిగాడు.

"వెయ్యరు. ఎవడూ వెయ్యడు. భయపడిన దాన్నే గుడ్లప్పగించి చూస్తాడు. చూసినవైపే చెయ్యి తిరుగుతుంది, బండి పోతుంది. నిదానంగా వచ్చేవాడికి చూపు తిప్పుకునే తీరిక ఉంటుంది. ఈ బండ్ల మీద ఉండదు. ఇందులో దెయ్యమూ లేదు, పిలుపూ లేదు."

"అదే... గోడ లేకపోతే?"

"వెనకాలంతా బీడు. మెత్తటి మట్టి. పడి దొర్లుతాడు. చెయ్యో కాలో విరుగుతుంది. బతుకుతాడు."

ఆ జవాబు చెప్పకుండా ఉండాల్సిందని కొక్కెం నా కుర్చీలో కూర్చుని ఎన్నిసార్లు అన్నాడో. చిన్నోడి బుర్రలో మిగిలింది ఆ ఒక్క ముక్కే. చచ్చినవాడి దవడ కాదు, గోళ్ల గీతలు కాదు. తప్పు బండిది కాదు, గోడది — అంతే.

బండి వచ్చేసింది. నల్లది. ముందుకి వంగి, ఎవరి మీదో దూకబోతున్నట్టుండేది. స్టార్ట్ చేస్తే వంటింట్లో గిన్నెలు మోగేవి. మొదటిరోజే సందు మలుపులో చిన్నోణ్ణి కింద పడేసి, మోచేతి తోలు లేపేసింది. "అలవాటవ్వాలి," అన్నాడు వాడు.

కొక్కెం తాళంచెవి దాచాడు. దానికోసం ఇద్దరూ నడవలో కలబడి కొట్టుకున్నారు. చిన్నోడు బావ చెయ్యి కొరికి మరీ లాక్కున్నాడు. ఆ రాత్రి వాడు డ్యూటీకి వెళ్లాక అక్క దీపం ఆర్పకుండా గుమ్మంలోనే కూర్చుంది. బండి శబ్దం సందులోకి వచ్చేదాకా కదల్లేదు. తెల్లారి మొగుడితో అంది:

"మీరేం చేస్తారో నాకు తెలీదు. వాణ్ణి నాకు మిగల్చండి."

బండిని ఆపడం చేతకాలేదు. ఇక మిగిలింది గోడ.

మర్నాడు చీకటి పడ్డాక కొక్కెం లారీ తీసుకుని ఒక్కడే వెళ్లాడు. కిటికీ కంతలో గొలుసు దూర్చి, కొక్కెం బిగించి, గేరు వేశాడు. ఇంజన్ మూలిగింది. టైర్లు కాలి పొగలొచ్చాయి. గోడ కదల్లేదు. ఇంకా గట్టిగా తొక్కాడు... గొలుసు తెగింది. తెగిన కొస కొరడాలా గాలిలో లేచి, లారీ కిటికీలోంచి వచ్చి వాడి చెంప చీల్చేసింది. పళ్లు బయటికి కనబడేంత గాటు. ఇప్పటికీ ఆ మచ్చ చుట్టూ కత్తి జాగ్రత్తగా తిప్పుతాను నేను.

గుడ్డ కట్టుకుని, ఇంకో గొలుసు తగిలించి మళ్లీ మొదలుపెట్టాడు. రక్తం నోట్లోకి కారుతుంటే ఉమ్ముతూ, గోడని బూతులు తిడుతూ, లాగాడు. ఒకచోట నెర్రె విచ్చింది. ఆ నెర్రెలోకి గునపం దించి, మనిషిని పొడిచినట్టు పొడిచాడు. చివరికి గోడ మొత్తం ఒక్క పెట్టున ముందుకి ఒరిగింది. పడ్డప్పుడు లోపలి నుంచి పెద్ద నిట్టూర్పులాంటి గాలి వచ్చి మొహాన కొట్టిందట. పాత గోడల్లో గాలి ఉంటుందిలే అనుకున్నాడు.

పడగొట్టి ఊరుకోలేదు. తెల్లారి కూలీల్ని పెట్టి ఇటుకలన్నీ ఎత్తించాడు. పునాది తవ్వించి మట్టి కప్పించాడు. కాలికి చిన్న పెచ్చు కూడా తగలకుండా చేశాడు. ఎవరూ అడగలేదు. అడగడానికి అది ఎవరిదో ఎవరికీ తెలియదు.

చెంపకి కుట్లతో ఇంటికొచ్చి చిన్నోణ్ణి లేపాడు. "కూల్చేశానురా. ఇక అక్కడ ఏమీ లేదు. భయపడకు."

చిన్నోడు చాలా రోజుల తర్వాత బావని కావలించుకున్నాడు. ఆ పూట అక్క ముగ్గురికీ కలిపి వడ్డించింది. కొక్కెం కుట్ల వల్ల నమల్లేకపోతే చిన్నోడే మెత్తగా కలిపి పెట్టాడు.

కొన్నాళ్లు అంతా బాగానే ఉంది. మలుపు దగ్గర గోడ బదులు ఆకాశం కనబడుతుంటే జనం కూడా తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. చిన్నోడికి బండి అలవాటైంది. అక్క దీపం ఆర్పి పడుకోవడం మొదలుపెట్టింది.

వానపడి వెలిసిన ఒక రాత్రి ఫోన్ వచ్చింది. ఫ్యాక్టరీ నుంచి వెనకాలే వస్తున్న తోటి పనివాడు.

"అన్నా... చిన్నోడు గోడకి గుద్దుకున్నాడు."

"గోడ లేదుగా," అన్నాడు కొక్కెం.

"నువ్వు రా అన్నా."

అక్క చెప్పుల్లేకుండా లారీ ఎక్కేసింది. దిగమంటే దిగలేదు. అక్కడికి చేరాక కొక్కెం బయట నుంచి తలుపు మూసి, "దిగకు," అని ఒక్కడే నడిచాడు.

లారీ లైట్లు బీడంతా పరుచుకున్నాయి. రోడ్డు దిగిన చక్రం గుర్తు తడిమట్టిలో దారం పట్టి గీసినట్టు తిన్నగా వెళ్లింది. వెళ్లి... ఆగిపోయింది. గోడ ఉన్నచోటే, సరిగ్గా అక్కడే.

బండి పడిపోలేదు. నిలబడి ఉంది. ముందు చక్రం ఇంజన్లోకి దూరిపోయి ఉంది. ట్యాంకు పగిలి పెట్రోలు కారుతోంది. పొలంలో పల్టీ కొట్టిన బండ్లని కొక్కెం ఎన్నింటినో ఎత్తాడు. ముక్కలు చెల్లాచెదురుగా పడతాయి, మట్టి చాళ్లు చాళ్లుగా లేస్తుంది. ఇక్కడ బండికి జానెడు ముందు గడ్డి గడ్డిలాగే నిలబడి ఉంది. గడ్డి కొసల నుంచి వాన చినుకులు కూడా రాలలేదు.

కొక్కెం చెయ్యి చాపి బండి ముందంతా తడిమాడు. గాలి తప్ప ఏమీ తగల్లేదు.

చిన్నోడు బండి పక్కనే వెల్లకిలా పడి ఉన్నాడు. ఛాతీ లోపలికి దిగిపోయింది. ఒక కాలు వెనక్కి మడతపడి నడుం కిందికి వచ్చింది. హెల్మెట్ కింది నుంచి రక్తం. హెల్మెట్ నుదుటి మీదంతా తెల్లగా ఉంది. ఫ్యాక్టరీలో పిండేమో అనుకున్నాడు కొక్కెం. వేళ్ల మధ్య రుద్ది చూస్తే గరగరలాడింది. సున్నం.

"ఏం కాలేదురా నాన్నా... ఏం కాలేదు. అక్క వచ్చింది. నేనున్నాను."

చిన్నోడు ఉన్న బలమంతా పెట్టి బావ కాలర్ పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. కళ్లు మాత్రం బావ మొహం మీద లేవు. భుజం మీదుగా, వెనకాల ఏమీ లేని చోటుకి, పైకి చూస్తున్నాయి. ఎత్తు కొలుస్తున్నట్టు, కింద నుంచి మెల్లగా పైకి...

"కూల్చేశానన్నావు కదా, బావా..."