దాచుకున్న పంటి నొప్పి

జరగండి, దగ్గరికి జరగండి. ఆ మూల కబుర్లు ఆపితేనే మొదలెడతాను. ఇది పంటి కథ, నోరు మూసుకుని వినాలి.

ఒక కుర్రాడు. సొంత దేశంలో పేరున్న పళ్ళ డాక్టరు. అతను ఒకరికి పన్ను పీకితే పక్కవీధి వాళ్ళకి కూడా నొప్పి తగ్గేదట. దేశం మారాడు, చదువు చెల్లలేదు. ఇక్కడి పరీక్ష పాసయ్యేదాకా క్లినిక్కులో పనిముట్లు కడగడమే ఉద్యోగం.

రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి ఊరుకుంటుందా?

"డాక్టరు గారూ, టీ కప్పులు కూడా కడుగుతారా?"

"ఇలా ఇవ్వండి. మీ నాలుక కూడా ఇస్తే పదును తగ్గిస్తా."

ఒకరోజు అతను దిగులుగా కనిపించాడు. "పరీక్షకి పేషెంటుని మనమే తెచ్చుకోవాలి. ఒప్పుకున్న పెద్దాయన నొప్పికి ఆగలేక పన్ను పీకించేసుకున్నాడు. నాకిదే ఆఖరి ఛాన్సు. తప్పితే పెట్టె సర్దుకోవడమే."

అమ్మాయి వెక్కిరింపు మానేసి నోరు తెరిచి చూపించింది. "నాకో పిప్పి పన్నుంది. పనికొస్తుందా?"

టార్చి వేసి చూశాడు. "సరిగ్గా ఇలాంటిదే కావాలి. కానీ పరీక్షకింకా రెండు వారాలుంది. నొప్పుంటే ఇవాళే సిమెంటు పెట్టించుకోండి."

"నొప్పా? నాకేం లేదే."

ఇంటికెళ్ళాక చూడాలి ఆమె అవస్థ. మూలుగు వినపడకుండా తలగడ కొరికీ కొరికీ ఇంట్లో దూదంతా అయిపోయింది.

"ఒకవైపే నములుతున్నావేంటే?" అంది తల్లి.

"రెండోవైపు సెలవమ్మా."

పరీక్ష రోజొచ్చింది. సూది చూస్తేనే కళ్ళు తిరిగే పిల్ల, అతని కోటు చెయ్యి పట్టుకుని కుర్చీలో పడుకుంది. పంటిమీద మెల్లగా తట్టగానే ఎగిరిపడింది. అతని చెయ్యి ఆగిపోయింది.

"ఇన్నాళ్ళూ నొప్పిగానే ఉందా?"

నోటినిండా దూది. "ఊ."

"నాకోసం ఓర్చుకున్నారా?"

"ఊ." కళ్ళు తుడుచుకుంది.

పరీక్ష పెట్టేవాడు దగ్గాడు. కుర్రాడు మత్తు సూది వేసి మళ్ళీ పనిలో పడ్డాడు. పన్ను పూడ్చాడా, ముత్యం పొదిగాడా అన్నట్టుంది. పరీక్షకుడు అద్దం పెట్టి అటూ ఇటూ చూసి, "పాస్" అన్నాడు.

కుర్రాడు వంగి, "దూది ఉండగానే అడిగేస్తాను, తీస్తే వెక్కిరిస్తారు. నన్ను పెళ్ళి చేసుకుంటారా?" అన్నాడు.

దూది తనే లాగి పారేసింది. మొద్దుబారిన పెదవి వంకరగా నవ్వింది. "పెళ్ళయ్యాక కూడా కప్పులు కడగాలి మరి."

"జీవితాంతం."

పక్క కుర్చీలోంచి, ఇంకొకరి పరీక్షకి పేషెంటుగా వచ్చిన ఒక తాతగారు లేచి కూర్చున్నారు. "ఒక్క పిప్పి పంటికే సంబంధం కుదిరిందా? నావి ఏడున్నాయి నాయనా. ఎవరైనా డాక్టరమ్మలుంటే కాస్త లైన్లో నిలబడమనండి."