నిమ్మవాసన

"సుశీలా, మల్ల వాసనొస్తున్నది. ముందర గది తుడిచినవా లేదా?"

పొద్దున్నే అత్త రాధమ్మ అడిగిన మొదటి మాట అదే. తుడిచి పావుగంట కూడా కాలేదు. సుశీల పళ్ళు బిగబట్టి, బకెట్లో ఇంకో మూతెడు నిమ్మవాసన ఫినాయిలు పోసింది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి రోజుకు నాలుగుసార్లు ఇదే పని.

జనగామలో వాళ్ళ ఇంటి ముందుగదే ఆమె భర్త ఐలేశ్ జిరాక్స్ దుకాణం. బంద్ కాబట్టి షట్టరు దించే ఉంది. తెరిస్తే రాయి పడుతుందని ఐలేశ్ భయం. లోపల మాత్రం పాత మిషన్ తెరిపి లేకుండా సమ్మె కరపత్రాలు తీస్తూనే ఉంది. అది వేడెక్కేకొద్దీ గదిలో ఒక ఘాటు వాసన. రాధమ్మ ముక్కుకు అది మురికి వాసన. మురికి అంటే కోడలి తప్పు. ఆ ఇంట్లో దీనికి సాక్ష్యాలు అక్కర్లేదు.

పది రోజులుగా రాధమ్మకు దగ్గు, ఆయాసం. వరంగల్ దవాఖానకు పోదామంటే బస్సులు లేవు.

"రేపు అవ్వను బండి మీద దేవరుప్పుల అక్కకాడ దింపొస్త," అన్నాడు ఐలేశ్ కాగితాలు సర్దుతూ. "నీకు ఇల్లు సాఫ్‌గ పెట్టుడు రాకపాయె."

సుశీల చేతిలోని గుడ్డ బకెట్లో పడింది. అత్త కూతురింటికి పోతే వాడకట్టు ఏమంటుందో ఆమెకు తెలుసు. కోడలే వెళ్ళగొట్టిందంటారు. పదేళ్ళ కాపురానికి అదే పేరు మిగులుతుంది.

"దినాం నాలుగు సార్లు కడుగుతున్న. ఇంకేం చెయ్యాలె? ఎంత కడిగితే అంత దగ్గుతున్నది. ఎందుకో నాకేం ఎరుక?"

"ఎదురు మాట్లాడకు," అంది రాధమ్మ దగ్గు మధ్యలో. "ఏడ్చి కండ్లు ఎర్రజేసుకుంటే వాసన పోతదా?"

సుశీల ఏడవలేదు. వారం నుంచి కళ్ళు మండుతూనే ఉన్నాయి. ఆ ఇంట్లో ఆ సంగతి అడిగేవాళ్ళు లేరు.

అప్పుడే కరపత్రాల కోసం వెనక తలుపు నుంచి విజయలక్ష్మి వచ్చింది. సమ్మెలో ఉన్న సైన్సు టీచరు. గుమ్మంలోనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఐలేశ్, ముందు మిషన్ బంద్ చెయ్. ఈ గదిల ఎట్లుంటున్నరు?"

"గదే నేను అంటున్న టీచరమ్మా," రాధమ్మ అందుకుంది. "మా కోడలు సరిగ తుడువది."

"తుడుసుడే ఎక్కువైంది పెద్దమ్మా. గిది మురికి కాదు. మిషన్ల కరెంటుకు ఓజోన్ అని ఘాటు గాలి పుడతది. షట్టర్ దించితే అదెటు పోవాలె? నేల మీది నిమ్మవాసన మందుతోటి కలిసి, కండ్లు, గొంతు మండించే ఇంకో గాలి తయారైతది. వాసన మంచిగుంటే గాలి మంచిదనుకుంటం మనం."

సుశీల బకెట్ వైపు చూసింది. చేసిన చాకిరీ అంతా కళ్ళ ముందు మెదిలింది. "అంటే, నేను కడిగిందే అత్తమ్మ ఊపిరికి అడ్డం పడ్డదా?"

"నీకెట్ల తెలుస్తది? అద్దంల నీ కండ్లు సూడు. నీకు గూడ పట్టింది."

ఐలేశ్ మిషన్ ఆపేశాడు. రాధమ్మ కోడలి ఎర్రటి కళ్ళలోకి చూసింది.

"ఏడుస్తున్నవనుకున్న. మండుతున్నదని చెప్పకపోతివి."

"చెప్తే పని బద్దకమంటవు గద అత్తమ్మా."

రాధమ్మ ఆయాసపడుతూ లేచి వెళ్ళి షట్టరు పట్టుకుంది. అది కదల్లేదు. సుశీల వచ్చి రెండో వైపు చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి నడుము ఎత్తుకు లేపారు.

"అవ్వా, రాయేస్తరే," అన్నాడు ఐలేశ్.

"నన్ను జూసి ఎయ్యమను. యాపారానికి కాదు, గాలికి తెరిచినమని చెప్త. నువ్వు మిషన్‌ను వెనక వసారాల పెట్టుకో. దేవరుప్పులకు ఎవ్వరు పోతలేరు."

ఆమె గడప మీద కూర్చుని కోడలి వైపు తిరిగింది. "ఆ బకెట్ పారబోసి రా. జర నా పక్కన కూసో."

సుశీల వచ్చి కూర్చుంది. బయటి గాలి మొహానికి తగిలాక అప్పుడు ఏడ్చింది. రాధమ్మ తన కొంగు అందించింది.