ఒకే బొటనవేలు, మూడొందల మంది

సూర్యారావు శవం పటాన్‌చెరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు కింద దొరికింది. చీమను తొక్కినా క్షమాపణ చెప్పే మనిషి. పెద్ద పెద్ద కట్టడాలు కడితే చుట్టుపక్కల ఊళ్లకు ఒరిగేదెంతో అంచనా వేయడం ఆయన పని. ఛాతీలో చిన్న తూటా. పిడికిట్లో కాలిక్యులేటర్. దాని మీద ఒకటే అంకె: 200.

గంటలో ఏజెంట్ 65 విఘ్నేశ్వర్‌కు కబురందింది. సీక్రెట్ ఆఫీసు ఒక వెల్డింగ్ షాపు వెనక ఉంది. వెల్డర్ తలెత్తకుండానే కోడ్ అడిగాడు.

"చాయ్‌ల ఉప్పెంత?"

"చెంచా తిరగనంత."

షట్టర్ లేచింది. లోపల చీఫ్ నరసరాజు బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. 'సిల్వర్ తాపీ' అనే విదేశీ ముఠా లక్డారం ఊరి పక్కన ఆరొందల ఎకరాల్లో లాజిస్టిక్స్ సిటీ కడతానంటోంది. పైకి గోడౌన్లు, కింద గోతులు. ఆ గోతుల్లో పూడ్చేది సముద్రాలు దాటొచ్చే కెమికల్ చెత్త. అది బోర్లలోకి దిగితే లక్డారం గేదెలు పచ్చటి పాలిస్తాయి. కానీ యాభై వేల మందికి పైగా ఉపాధి చూపిస్తే ఊరిని అడగకుండానే భూమి ఇవ్వొచ్చని సర్కారు భూముల కమిటీ షరతు. ముఠా ఇంపాక్ట్ రిపోర్టులో అరవై వేల మంది ఉన్నారు. ఏడాదిగా ఒక్క ప్రహరీ గోడకే అంతమందికి పని ఇచ్చారట, వేలిముద్రలతో సహా. ఆ లెక్క సరిచూడ్డానికి ఆఫీసు పంపిన మనిషే సూర్యారావు.

విఘ్నేశ్వర్ రిపోర్టు తెరిచాడు. సెంటు వాసన గుప్పుమంది. అట్ట మీద నవ్వుతున్న రైతు పళ్లు పింగాణీ కప్పుల్లా మెరుస్తున్నాయి. అతడు ముక్కు మూసుకున్నాడు.

"సార్, గిది ముట్టుకున్నంక చేతులు కడుక్కోవాలె."

"తర్వాత కడుక్కో. పదకొండింటికి సంగారెడ్డి హోటల్లో కమిటీ సంతకం. ఆ రెండొందలేవిటో ఈలోగా తేల్చు. ముఠాలో మన డబుల్ ఏజెంట్ శ్రీదివ్య ఉంది, సాయం చేస్తుంది."

విఘ్నేశ్వర్ లుంగీ కట్టి, తలకు సిమెంటు రాసుకుని, చేతిలో స్టీలు తాపీతో పటాన్‌చెరు కూలీల అడ్డా మీద నిలబడ్డాడు. గాలి కుళ్లిన గుడ్డును మందులో ముంచినట్టుంది. పక్కన చిన్నరాములు అనే మేస్త్రీ బీడీ ముట్టించాడు. అతడి బొటనవేలు మధ్యలోంచి రెండుగా చీలి ఉంది.

లక్డారం ప్రహరీ గోడ గురించి కదిపితే, ఆ పని తానే చేశానన్నాడు చిన్నరాములు. ఎంతమంది అంటే రెండొందలన్నాడు. మరి మిగతావాళ్లు?

"మిగతోళ్లెవరే? మొదలుకెల్లి ఆఖరిదాంక మేమే. పొద్దున పోంగనే కొత్త కాయితం మీద ఏలిముద్ర ఏయాలె, గప్పుడే హాజరీ. మూడొందల దినాలు ఏసిన."

విఘ్నేశ్వర్ బుర్రలో కాలిక్యులేటర్ వెలిగింది. రెండొందల మంది, మూడొందల రోజులు. అరవై వేలు. ఒక్కో రోజు హాజరీని ఒక్కో కొత్త మనిషిగా రాసేశారు. ఇంత నీచానికి సూర్యారావు ప్రాణం పోయింది. విఘ్నేశ్వర్ తుపుక్కున ఉమ్మి, చిన్నరాములును స్కూటీ ఎక్కించుకున్నాడు.

ముంబై హైవే మీద ముఠా ట్యాంకర్ వెంటపడింది. విఘ్నేశ్వర్ ఎర్ర బటన్ నొక్కాడు. స్కూటీ వెనక గొట్టం రెండు టన్నుల కాంక్రీటు కక్కింది. ట్యాంకర్ అక్కడే బిగుసుకుంది. ఇప్పటికీ అక్కడే ఉంది, దాని నీడలో పాన్‌డబ్బా నడుస్తోంది.

పది యాభై ఎనిమిది. హోటల్ హాలు గుమ్మంలో శ్రీదివ్య. నెమలికంఠం పట్టుచీర, నవ్వు. పక్కకొచ్చి విఘ్నేశ్వర్ డొక్కకు లిప్‌స్టిక్ ఆనించింది. అది లిప్‌స్టిక్ కాదు.

"కదలకండి. సూర్యారావు గారు కూడా నన్ను మీ మనిషే అనుకున్నారు."

ఆమె సెంటు కూడా రిపోర్టు సెంటే. చావు కంటే ఆ వాసనే అతడికి కంపరమెత్తించింది.

వేదిక మీద కమిటీ చైర్మన్ చంద్రకళ పెన్ను తీసింది. పక్కనే ముఠా నాయకుడు వాల్టర్ పళ్లికిలిస్తున్నాడు. బల్ల మీద వేలిముద్రల కాగితాలు, ఫోటోల్లో చూపడానికి తెచ్చిన ఇంకు ప్యాడ్. చిన్నరాములును ఎవరూ లెక్కచేయలేదు. అతడు రోజూ చూసే కాగితాలే కనబడ్డాయి. పొద్దున పనిలోకొస్తే ఏం చేయాలో అతడికి ఒకరు చెప్పాలా? తిన్నగా వెళ్లి ప్యాడ్ మీద అద్ది, కాగితం మీద వేలు వేశాడు.

"హాజరీ ఏసిన మేడం. పనేడ?"

చంద్రకళ పెన్ను కాగితానికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. చీలిన ముద్ర. పై పేజీలో అదే చీలిక, పక్కన ప్రణీత్ అని ఉంది. తర్వాతి పేజీలో అదే, పేరు పవన్‌కుమార్. ఆ తర్వాత సంగయ్య.

"నీ పేరేంది?"

"చిన్నరాములు. గీ చీలిన ఏలిముద్రలన్ని నాయే మేడం. టైల్స్ మిషన్ల పడి చీలింది."

పెన్ను మూత పడింది. శ్రీదివ్య చూపు అటు తిరిగిన అరక్షణంలో విఘ్నేశ్వర్ తాపీ ఆమె మణికట్టు మీద దిగింది. తూటా గులాబ్‌జామ్ గిన్నెలో మునిగింది. బఫే బల్ల కింద దూరిన వాల్టర్‌ను బందోబస్తు పోలీసులు కాళ్లు పట్టి లాగారు.

విఘ్నేశ్వర్ ఆ హాల్లో మంచినీళ్లు కూడా ముట్టలేదు. చిన్నరాములు మాత్రం రెండో ప్లేటుకు చేయి చాపాడు. మనిషికి ఒక్కటేనన్నాడు సర్వర్.

చిన్నరాములు రిపోర్టు చూపించాడు. "గిండ్ల నేను మూడొందల మందిని గదనే. ఇంక రెండొందల తొంభై తొమ్మిది పెట్టు."