జానెడు పక్కన

శనివారం ఉదయం. వంటింట్లో కరెంటు గడియారం 9.44 దగ్గర ఆగిపోయి ఉంది. ఇల్లాలి అరుపు విని పక్కింటాయన పరుగెత్తుకొచ్చి మెయిన్ స్విచ్ ఆపిన సమయం అది.

అప్పటికే ఆలస్యమైపోయింది.

ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి 10.25. ఇంటి యజమాని పడగ్గది గోడ పక్కన వెల్లకిలా పడి ఉన్నాడు. కాళ్ళకి చెప్పుల్లేవు. నేల అప్పుడే తుడిచిన తడి. కుడిచేతి దగ్గర సుత్తి. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మాడిపోయాయి. మేకు గోడలోనే ఉంది.

పక్కన ఫోటో ఫ్రేము. అద్దం చెక్కుచెదరలేదు. అందులో అతనూ భార్యా నవ్వుతున్నారు. ఇన్‌స్పెక్టర్ దాన్ని బోర్లా పెట్టింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆవిడ రాటుదేలిపోయిందని స్టేషన్లో అంటుంటారు.

హెడ్ కానిస్టేబుల్ అప్పటికే కేసు తేల్చేశాడు.

"ఇల్లంతా కొత్త వైరింగ్ చేయించుకుంటున్నారు మేడమ్. గోడలో గాడి కొట్టి వైరు పెట్టాక, మేకు దిగకుండా దాని మీద ఇనుప రేకు బిగించాలి. ఎలక్ట్రీషియన్ బిగించలేదు. ఒప్పుకున్నాడు కూడా."

"ఎవరడిగారు?"

"ఎవరూ అడగలేదు. మేం రాగానే 'తప్పు నాదే, తీసుకెళ్ళండి' అన్నాడు."

అడక్కుండా ఒప్పుకునే వాళ్ళంటే ఆవిడకి ఒళ్ళుమంట. వాళ్ళ వెనకాల ఎప్పుడూ ఇంకెవరో ఉంటారు.

ఎలక్ట్రీషియన్ వరండాలో నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. పక్కనే అతని అన్న, తాపీ మేస్త్రి. ఈ ఇంట్లో తమ్ముడు వైర్లు వేస్తే, అన్న ఆ గోడలకి ప్లాస్టరింగ్ చేశాడు. చిన్నప్పుడే తల్లీతండ్రీ పోతే తమ్ముణ్ణి పెంచింది అన్నే.

"రేకు బిగించావా?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"మర్చిపోయాను మేడమ్."

"ఇల్లు మొత్తంలో ఎన్ని చోట్ల మర్చిపోయావు?"

"ఆ ఒక్క చోటే."

"షాక్ తగలగానే కరెంటు ఆపే ట్రిప్ స్విచ్ ఏదీ?"

"సోమవారం బిగిద్దామనుకున్నాను. ఈలోగా పాత బోర్డు మీదే లైను ఇచ్చాను. అదీ నా తప్పే."

"లైసెన్సు పోతుంది. జైలుకి పోతావు. తెలుసా?"

"తెలుసు."

మేస్త్రి కాలి బొటనవేలితో నేల మీద ఎండిన సిమెంటు గీకుతున్నాడు.

ఇల్లాలు వంటింట్లో కింద కూర్చుని ఉంది. ఇన్‌స్పెక్టర్ కూడా కిందే కూర్చుంది.

"మేకు అక్కడ కొట్టమని ఎవరు చెప్పారమ్మా?"

"ఎలక్ట్రీషియనే. మంగళవారం. 'స్విచ్‌కి నిట్టనిలువునా పైన కొట్టకండమ్మా, వైరు అక్కడే పోతుంది, జానెడు పక్కన ఎక్కడైనా ఫరవాలేదు' అన్నాడు. ఈయన జానతో కొలిచి పెన్సిల్ గీత పెట్టారు. గీత బాగానే ఉందని నేనే అన్నాను. గురువారం మళ్ళీ వచ్చి, ఫోటో సోమవారం తర్వాత పెట్టుకోండన్నాడు. ఎందుకో చెప్పలేదు. సోమవారానికీ ఫోటోకీ ఏం సంబంధమని ఈయన నవ్వేశారు."

ఇన్‌స్పెక్టర్ వెళ్ళి కొలిచింది. స్విచ్ నిలువు నుంచి మేకు దాకా సరిగ్గా జానెడు. ఎలక్ట్రీషియన్ చెప్పినట్టే ఇంటాయన చేశాడు, ప్రాణం పోగొట్టుకున్నాడు. మరి అక్కడికి వైరు ఎలా వచ్చింది?

11.10కి శవాన్ని పోస్ట్‌మార్టంకి పంపారు. తర్వాత గోడ చెక్కమని హెడ్ చేతికి ఉలి ఇచ్చింది. అతను మెయిన్ ఆపి ఉందో లేదో మూడుసార్లు చూసొచ్చి గానీ సుత్తి ఎత్తలేదు. ఎవరూ నవ్వలేదు.

ప్లాస్టరింగ్ పెచ్చులుగా రాలింది. లోపల ఒకటి కాదు, రెండు గాడులు. స్విచ్‌కి నిట్టనిలువునా కొత్త గాడి. అందులో వైరు లేదు. దానికి జానెడు పక్కన పాత వైరింగ్ నాటి లోతైన గాడి. కొత్త వైరు పక్కకి వంగి అందులో దూరింది. మేకు సరిగ్గా దాన్ని పొడిచింది.

ఖాళీ గాడికి రెండు వైపులా అడుగుకొకటి చొప్పున చిన్న చిన్న చిల్లులు. చిల్లుల నిండా సిమెంటు.

ఇన్‌స్పెక్టర్ చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. కుళాయి పక్కన కుండీ. కుండీలో చిక్కుడు తీగ. తీగకి ఊతంగా తళతళలాడే ఇనుప రేకు. అంచుల్లో అడుగుకో చిల్లు.

"ఇదెక్కడిదమ్మా?"

"మేస్త్రి ఇచ్చాడు. బుధవారం సాయంత్రం. పనికిరాని రేకు, తీగకి పెట్టుకోమన్నాడు."

11.50. అందరినీ పడగ్గదికి పిలిపించింది. రేకుని ఖాళీ గాడి మీద ఆనించింది. చిల్లుకి చిల్లు సరిపోయింది.

"తమ్ముడు రేకు మర్చిపోలేదు. మంగళవారం బిగించి వెళ్ళాడు. బుధవారం ప్లాస్టరింగ్ ఆరకముందే ఎవరో పీకారు. అందుకే చిల్లుల్లో సిమెంటు నిండింది. మేస్త్రీ, నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"అన్నయ్యా, ఊరుకో," అన్నాడు ఎలక్ట్రీషియన్.

"నువ్వుండరా." మేస్త్రి మొదటిసారి తలెత్తాడు. "కొత్త గాడి లోతు చాల్లేదమ్మా. రేకు పైకి తేలి, దాని మీద వేసిన పూత ఉబ్బింది. ఇంటాయన టార్చిలైటు వేసి చూసి, గోడ పొట్ట పెట్టింది, నీకు పని వచ్చా రాదా అన్నాడు. పచ్చి పూత గీకితే పాత గాడి పక్కనే కనబడింది. రేకు పీకేసి వైరుని అందులోకి తోసేశాను. కరెంటు వస్తే చాలు కదా, వైరు ఎక్కడుంటే ఏమిటనుకున్నాను. గోడ అద్దంలా వచ్చింది."

హెడ్ నోట్‌బుక్ మూయబోయాడు. "అయితే తమ్ముణ్ణి వదిలేద్దామా మేడమ్?"

"ఆగు." ఆవిడ ఎలక్ట్రీషియన్ వైపు తిరిగింది. "మంగళవారం జానెడు పక్కన భయం లేదన్నావు. గురువారం వచ్చి సోమవారం దాకా ఆగమన్నావు. మధ్యలో ఏం మారింది?"

అతను పెరటి వైపు చూశాడు.

"గురువారం చేతులు ఎక్కడ కడుక్కున్నావు?"

"పెరట్లో."

"రేకు చూశావు."

"చూశాను మేడమ్. అంత పొడుగు రేకు ఈ గోడకే కొట్టాను. అన్నయ్య రేకు పీకాడంటే వైరు పాత గాడిలోకి తోశాడని అప్పుడే అర్థమైంది. బయటపెడితే గోడ పగలగొట్టాలి. ఆయన అన్నయ్యని అందరి ముందూ కడిగేస్తాడు. సోమవారం వచ్చి ఏదో వంకతో నేనే సరిచేద్దామనుకున్నాను. మధ్యలో మూడు రోజులే కదా అని…"

మేస్త్రి తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడికి తెలుసన్న సంగతి అతనికీ అప్పుడే తెలిసింది.

"మర్చిపోయానని అబద్ధం చెప్పి అన్నని కాపాడదామనుకున్నావు," అంది ఇన్‌స్పెక్టర్. "నీ మీద నాకు జాలే ఉంది. అయినా ఇద్దరూ జీపెక్కాల్సిందే."

ఇంతసేపూ తలుపు దగ్గర నిలబడ్డ ఇల్లాలు ముందుకొచ్చింది. రేకుని చేత్తో తడిమింది.

"బాబూ, ఇది ఆ వైరు మీదే ఉండుంటే, మేకు తగిలినప్పుడు ఏమయ్యేది?"

ఎలక్ట్రీషియన్ రేకుని వేలి కణుపుతో ఒక్కసారి తట్టాడు.

"ఠంగుమనేదమ్మా. లోపల ఏదో ఉందని ఆయన ఆగేవారు."

"అంతేనా?"

"అంతేనమ్మా."